బొమ్మతో పాటు పేరూ వేయండి

సంపాదకుల వారికి,

నచ్చిన ఫొటోనో చిత్రాన్నో నలుగురికీ పంపడం మంచి అలవాటే. కానీ చాలామంది అంచున ఉన్న సంతకాన్ని కత్తిరించి మరీ పంపుతున్నారు. ఇది అన్యాయం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ వివియన్ మేయర్ సంగతే చూడండి. ఆమె షికాగోలో పిల్లల ఆయాగా పనిచేస్తూనే లక్షకు పైగా ఫొటోలు తీశారు. మెడలో వేలాడే రోలీఫ్లెక్స్ కెమెరాలోకి తలవంచి చూస్తూ, దుకాణాల అద్దాల్లో తన ప్రతిబింబాన్నీ పట్టుకున్నారు. 2007లో ఆ నెగెటివ్‌లు వేలానికొచ్చాయి. కొన్నవారు వాటిని పదిమందికీ చూపబట్టే ఆమె పేరు లోకానికి తెలిసింది. అప్పటికే ఆమె లేరు, 2009లో కన్నుమూశారు. ఇప్పుడు పనిచేస్తున్నవారికైనా అంత ఆలస్యం జరగకూడదు. మీ పత్రిక వారానికొక సమకాలీన చిత్రాన్నో ఫొటోనో, వివరాలు కనిపించేంత పెద్దగా, కళాకారుల పేరు, సంవత్సరంతో సహా ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు