బీరు ఓడ ఎక్కిస్తే పని అయిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ బిజినెస్ పేజీలో క్రాఫ్ట్ బీరు ఎగుమతుల గురించి వచ్చిన వ్యాసం చదివా. చిన్న బ్రూవరీలు (బీరు కాచే కంపెనీలు) కూడా బయటి దేశాల్లో అమ్ముకోవచ్చని ధైర్యం చెప్పారు, చాలా సంతోషం. కానీ కంటైనర్ గురించి రాశారు, సుంకాల గురించి రాశారు, లైసెన్సుల గురించి రాశారు, లోపలున్న బీరు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను ఒక చిన్న బ్రూవరీలో తొమ్మిదేళ్లుగా ఎక్స్‌పోర్ట్ పనే చూస్తున్నా, అందుకే ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నా.

మందే కదా, ఎన్నాళ్లున్నా ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. ఆ మాట విస్కీకి చెల్లుతుంది, బీరుకి చెల్లదు. పెద్ద కంపెనీల లాగర్ (బయట మామూలుగా దొరికే తేలికపాటి బీరు) అయితే ఫిల్టర్ చేసి, పాశ్చరైజ్ చేసి పంపుతారు, దాంట్లో హాప్స్ (బీరుకి చేదు, సువాసన ఇచ్చే పూలు) కూడా తక్కువే కాబట్టి కొంత తట్టుకుంటుంది. మా లాంటి వాళ్ల బీరు చాలావరకు పాశ్చరైజ్ చెయ్యనిది, పైగా జనం డబ్బు పెట్టి కొనేదే ఆ హాప్స్ వాసన కోసం, ముందు పోయేదీ అదే. క్యాన్ నింపేటప్పుడు లోపల మిగిలిపోయిన రవ్వంత ఆక్సిజన్ చాలు, దానికి వేడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మా ఫీల్డులో 3-30-300 అని ఒక లెక్క ఉంది, అంటే 32 డిగ్రీల్లో 3 రోజులుంటే బీరు ఎంత పాడవుతుందో, 22 డిగ్రీల్లో 30 రోజులకి, 3 డిగ్రీల్లో 300 రోజులకి సుమారు అంతే పాడవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి, కానీ ఎండలో పోర్టు యార్డులో నిలబడ్డ మామూలు ఇనప కంటైనర్ లోపల ఎంత వేడి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

మేమూ ఆ తప్పు చేశాం. మొదటిసారి హేజీ ఐపీఏ (హాప్స్ బాగా వేసిన, మసకగా ఉండే ఇండియా పేల్ ఏల్ బీరు) పంపినప్పుడు రీఫర్ కంటైనర్ (లోపల చల్లగా ఉంచేది) ఖర్చెక్కువని మామూలు దాంట్లో పంపించాం, ఇంపోర్టర్ కూడా ఏం కాదులెండి అన్నాడు, మేమూ సరే అనుకున్నాం. సముద్రం మీద ఏడు వారాలు, అది చాలదన్నట్టు అక్కడికి వెళ్లాక కస్టమ్స్‌లో ఇంకో మూడు వారాలు. ఆపింది దేనికంటే క్యాన్ అడుగున మేం కొట్టిన తేదీకి! మా మెషిన్ నెల ముందు, రోజు తర్వాత కొడుతుంది, వాళ్లేమో రోజు ముందు చదువుతారు. 04-05 అని ఉంటే అది ఏప్రిల్ 5 అని ఒకరు, మే 4 అని ఇంకొకరు, కాగితాల్లో ఒకటి క్యాన్ మీద ఇంకొకటి అని పక్కన పెట్టేశారు. అప్పట్నుంచి నెలని అక్షరాల్లోనే కొడుతున్నాం, ఇంత చిన్న సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేది.

నాలుగు నెలల తర్వాత ఆ దేశం వెళ్లి, షాపులో మామూలు ర్యాకులో పెట్టిన మా క్యానే నేను కొనుక్కుని గ్లాసులో పోశా. బ్రూవరీలో పోసినప్పుడు మామిడిరసంలా పచ్చగా మెరిసిన బీరు అది, ఇక్కడ మట్టినీళ్ల రంగులోకి దిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన అట్టపెట్టె వాసన, వెనకాల ముదురు తేనె లాంటి తీపి, హాప్స్ అన్న మాటే లేదు. పక్కనున్న కుర్రాడు కూడా అదే తాగుతున్నాడు, మీ బీరు ఇలాగే ఉంటుందా అనడిగాడు, నాకు నోట మాట రాలేదు. ఇలా ఉండదు బాబూ అని ఎంతమందికి చెప్పగలం. ఎవరూ కంప్లైంట్ రాయరు, ఇంకోసారి కొనరు, అంతే. ఈ నష్టం ఏ లెక్కల్లోనూ కనపడదు.

ఐపీఏ పుట్టిందే ఓడ ప్రయాణం కోసం కదా, అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెందుకు అని కొందరు అడుగుతారు. పుట్టింది ప్రయాణం కోసం కాదు, హాప్స్ ఎక్కువేసిన పేల్ ఏల్స్ (లేత రంగు బీర్లు) ఇంగ్లండులో అంతకు ముందు నుంచే ఉన్నాయి. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లో బో బ్రూవరీ నడిపిన హాడ్జ్‌సన్ పంపిన బీరు నెలల తరబడి పీపాల్లో ఊగుతూ, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి ఇండియా చేరేది, 1820ల్లో ఇంగ్లండులోనే బర్టన్ ఊరి బ్రూవర్లు ఆల్సప్, బాస్ కూడా అదే దారి పట్టారు. అది నిలవ ఉంచి తాగడానికే కాచిన బీరు, దారిలో పరిపక్వం అయ్యేది. ఇవాళ మనం ఐపీఏ అని అమ్మేది తాజాగా తాగాల్సింది, పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు.

రూల్స్ సంగతి మీరు బాగానే రాశారు, ఒకటి రెండు మాత్రం కలుపుతా. మనం బీరు అన్నంత మాత్రాన అవతలి దేశం దాన్ని బీరు అనదు. జపాన్‌లో 2018 దాకా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) 67 శాతం ఉంటేనే బీరు, ధనియాలు వేసిన బెల్జియం గోధుమ బీరు కూడా అక్కడ హప్పోషు (బీరు లెక్కలోకి రాని బీరు లాంటి మందు) అనే లేబుల్‌తో అమ్ముడయ్యేది, తర్వాత 50 శాతానికి తగ్గించి పళ్లు, మసాలాలు కొంతవరకు ఒప్పుకున్నారు. జర్మనీ 1516 నాటి శుద్ధి చట్టం (బీరులో ఏమేం వెయ్యొచ్చో చెప్పేది) పేరు చెప్పి బయటి బీర్లని ఆపితే 1987లో యూరప్ కోర్టు కుదరదంది. పేరుకి కూడా ముందే ట్రేడ్‌మార్క్ చూసుకోవాలి, చెక్ దేశపు బుద్వార్ అంత పాత బ్రూవరీ అమెరికాలో చెక్వార్ అనే పేరుతో అమ్ముకోవాల్సి వచ్చింది.

ఇక కెగ్గులు, అంటే బార్లకి బీరు పంపే ఇనప పీపాలు. వాటికి ట్యాప్ గొట్టం బిగించే కప్లర్లు ఎన్నో రకాలు, ఎస్ టైపు, డీ టైపు, ఏ, జీ, అవతల బార్లో ఏది ఉందో కనుక్కోకుండా పంపితే నిండు కెగ్గు ముందర కూర్చుని చూడాల్సిందే. సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కతో పురుగులు రాకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం) ఉందో లేదో లోడింగ్ రోజునే చూసుకోండి, చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేశారనో, ఇంకో ఒప్పుకున్న పద్ధతిలో శుద్ధి చేశారనో దాని అర్థం, అది లేకపోతే బీరు ఎంత మంచిదైనా పోర్టు దాటదు.

నేను అనేదల్లా ఒకటే అండీ. చల్లగా పంపలేకపోతే ఐపీఏ పంపొద్దు. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ లాంటి గట్టి బీర్లు కాస్త కాలాన్ని తట్టుకుంటాయి, అవి పంపండి. పంపితే నాలుగు ప్యాలెట్లే పంపండి, పది ఊళ్లకి కాకుండా ఒక్క ఊరికే పంపండి, కానీ రీఫర్‌లో పంపండి. ఇంపోర్టర్‌తో కాగితం రాసుకునేటప్పుడు రేటు కంటే ముందు కోల్డ్ రూమ్ గురించి అడగండి, ఎన్ని డిగ్రీల్లో పెడతాడు, డెలివరీ వ్యాన్ చల్లదా కాదా, తేదీ దాటిన సరుకు ఎవరి ఖాతాలో పడుతుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మేం పోయిన ఏడాది కోల్డ్ రూమ్ లేదని ఒక పెద్ద ఆర్డర్ వదులుకున్నాం, మా ఓనరు రెండు రోజులు నిద్రపోలేదు, అయినా వదులుకున్నాం. ప్రభుత్వాలు, సంఘాలు కూడా ఎగుమతి సాయం అంటే విదేశీ ఎగ్జిబిషన్లో స్టాల్‌కి డబ్బులివ్వడం దగ్గరే ఆగిపోకూడదు. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ 2004 నుంచి ఎగుమతి ప్రోగ్రామ్ నడుపుతోంది, బయటి దేశాల్లో అమ్మేవాళ్లకి బీరు ఎలా చూసుకోవాలో నేర్పడం కూడా అందులో భాగమే. చిన్నవాళ్లకి అసలు కావాల్సిన సాయం అలాంటిది.

ఇప్పుడు ప్రతి షిప్‌మెంట్‌లోంచి కొన్ని క్యాన్లు మా దగ్గరే ఉంచుకుంటాం, సగం ఫ్రిజ్‌లో, సగం ఫ్రిజ్ బయట గోడౌన్‌లో. సరుకు అవతల షాపుకి చేరిన రోజున రెండూ తెరిచి పక్కపక్కనే పోసి చూస్తాం. మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు మీ విలేకరిని ఒక్కసారి మా దగ్గరికి పంపండి, రెండు గ్లాసులు ముందు పెడతా, తాగక్కర్లేదు, వాసన చూస్తే చాలు.

ఇట్లు
ఒక చిన్న బ్రూవరీ ఎక్స్‌పోర్ట్ ఉద్యోగి