తూకానికి వేసే ముందు బిందె మీద పేరు చదవండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఇత్తడి, కంచు సామాను కాటా వేయించి స్టీలు గిన్నెలు తెచ్చుకోవడం ఇప్పుడు ఊరూరా చూస్తున్నాం. రెండు గదుల ఇంట్లో గంగాళం ఎక్కడ పెట్టుకోవాలన్నది నిజమైన ఇబ్బందే. అమ్ముకోండి, కానీ ముందు చదవండి. పాత భూమి కాగితాల్లో ఎక్కువగా మగవాళ్ల పేర్లే కనిపిస్తాయి. సారెలో వచ్చిన బిందె మీద మాత్రం ఆడపడుచు పేరు, ఇంటిపేరు పొడి అక్షరం, ఒక్కోసారి తేదీ, ఊరు కూడా ఉంటాయి. కొన్ని ఇళ్లలో ముత్తవ్వ పేరు రాసి ఉన్న చోటు అదొక్కటే.

చదవకముందే చింతపండుతో తోమకండి. పులుపు, రాపిడి కలిసి పైపొరను తినేస్తాయి, లోతు తక్కువ అక్షరం చెరిగిపోతుంది. పులుసులో రాత్రంతా నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగి ఆ చోటు ఎర్రబారుతుంది కూడా. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, అక్షరాల మీద బియ్యప్పిండి రుద్ది, పైపైన తుడవండి. గాట్లలో పిండి నిలిచి పేరు తెల్లగా తేలుతుంది. తేలకపోతే చీకట్లో టార్చిని పక్కవాటంగా పట్టి చూడండి. పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. అక్షరాల్లోని చుక్కలు ఎడంగా, లోతు హెచ్చుతగ్గులుగా ఉంటే ఉలితో చేత్తో కొట్టినవి. దగ్గరగా, ఒకే లోతులో ఉంటే మిషనువి. ఒక పేరు కొట్టేసి పక్కన ఇంకొకటి ఉంటే ఆ పాత్ర చేతులు మారిందన్నమాట.

రాత లేని సామానూ మాట్లాడుతుంది. ఒక పక్కే అరిగిన గరిటె, తిప్పినవారిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో చెబుతుంది. అడుగున రెండు మూడు మాట్లు పడిన బిందెను కొత్తది కొనలేక వాడుకున్నారేమో, పుట్టింటిదని వదల్లేకపోయారేమో, ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిందే. (మాటు అతుకులో సీసం ఉండొచ్చు, అలాంటి వాటిలో వండకండి.) కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల వరసగా దొరికితే అది గింజలు కొలిచి కూలి ఇచ్చిన ఇల్లు అయి ఉండొచ్చు. లోపలి కళాయి (తగరం పూత) పోయి ఇత్తడి బయటపడిన గుండిగ చాలా వంటలు చూసింది. పులుసు, మజ్జిగ అందులో పోస్తే చిలుమెక్కుతుంది. మళ్లీ వాడాలంటే నవాసాగరం, తగరంతో కళాయి పెట్టించాల్సిందే.

అమ్మేటప్పుడు కంచును ఇత్తడి ధరకు ఇచ్చేయకండి. కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. తగరం జింకు కంటే చాలా ఖరీదు. వేలితో తడితే కంచు చాలాసేపు మోగుతుంది, కిందపడితే పగులుతుంది. ఇత్తడి సొట్టపడుతుంది.

ఇత్తడి, కంచు పనికి పేరున్న అజ్జరం, బుడితి, పెంబర్తి ఊళ్ల పనివాళ్ల చేతి వస్తువులు కూడా ఈ తుక్కులో కరిగిపోతున్నాయి. మీ జిల్లా పేజీలో వారానికొక పాత్ర ఫోటో, దాని మీది రాత, ఎత్తు, బరువు, ఊరు వేయమని కోరుతున్నాను. పాత్రలు కొనే దుకాణదారులు కూడా కాటా వేసే ముందు పేరున్న వైపు ఒక ఫోటో తీసి, తెచ్చినవారికే ఇవ్వాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తణుకు