ఫోటోలో వేలాడుతున్న ఎర్ర తాడు

ఎడిటర్ గారికి నమస్కారం.

సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోయాక మీ పేపర్లో ఒక ఫోటో వేశారు. పసుపు కుంకుమ రాసిన ఫైబర్ తెప్ప, ముక్కుకి కట్టిన నిమ్మకాయలు, కెరటం మీదకి ఎక్కుతున్న పడవ, వెనక ఇంజన్ హ్యాండిల్ పట్టుకుని నవ్వుతున్న కుర్రాడు. ఫోటో బాగుంది, కత్తిరించి మా షెడ్డులో గోడకి అంటించాను కూడా. కానీ నా కళ్లు ముందు పడింది కుర్రాడి మీద కాదు, ఇంజన్ మీద. దాని ముందువైపు ఒక ఎర్ర స్విచ్చు, ఆ స్విచ్చుకి స్ప్రింగులాగా చుట్టలు తిరిగిన ఎర్ర తాడు ఉంటాయి, ఆ తాడు రెండో కొస నడిపేవాడి చేతికో నడుముకో ఉండాలి. మీ ఫోటోలో అది ఇంజన్ హ్యాండిల్‌కే ముడేసి జెండాలాగా వేలాడుతోంది.

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. విశాఖ పెద్ద జాలరిపేట దగ్గర చిన్న షెడ్డు, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఆ తాడు గురించి రాయకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే కత్తిరించుకోండి, తాడు ముక్క మాత్రం ఉంచండి.

దాని పని చాలా చిన్నది. మనిషి పడవలోంచి జారితే తాడు లాగేస్తుంది, స్విచ్చు దగ్గర క్లిప్పు ఊడొస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. అంతే. తాడు లేకపోతే ఏమవుతుందో మా అక్క ఇంటాయన కాలు చూస్తే తెలుస్తుంది. ఓ తెల్లవారుజామున భీమిలి వైపు ఒక్కడే వెళ్లాడు, వలకి కట్టిన తేలే బెండ్లు కనిపించాయని హ్యాండిల్ వదిలి పక్కకి వంగాడు, అదే టైముకి చిన్న కెరటం తగిలింది, ఆయన నీళ్లలో, ఇంజన్ నడుస్తూనే ఉంది. హ్యాండిల్ వదిలేస్తే నీళ్లలో ఫ్యాను (ప్రొపెల్లర్) తిరిగే ఊపుకి ఇంజన్ తనంతట తానే ఓ పక్కకి తిరిగిపోతుంది, పడవ నేరుగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. అంటే పడిపోయినవాడి దగ్గరికే మళ్లీ వస్తుంది. మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు బావ మునిగి తప్పించుకున్నాడు, మూడోసారి ఫ్యాను రెక్క పిక్కని చీల్చేసింది. వేరే తెప్పవాళ్లు చూసి పాత వల విసిరితే అది ఫ్యానుకి చుట్టుకుని ఇంజన్ ఆగింది. అంతకు నెల ముందే నేనే కొత్త తాడు తగిలించి ఇచ్చాను, "బావా, చేతికి వేసుకో" అని చెప్పి మరీ. "నాకేటవుద్దిరా, పుట్టింది పెరిగింది గంగమ్మ ఒళ్లోనే కదా" అన్నాడు.

తాడు వేసుకోకపోవడానికి మావాళ్లు చెప్పే కారణం ఒకటే, వల లాగేటప్పుడు అడ్డమొస్తుందని. నిజమే, అడ్డమొస్తుంది. కానీ తాడు హ్యాండిల్ దగ్గర కూర్చున్నవాడికి, వల లాగేటప్పుడు ఇంజన్ ఆపే ఉండాలి కదా. తాడు కట్టుకున్నవాడు క్లిప్పుతో సహా నీళ్లలో పడితే మిగిలినవాళ్లు ఇంజన్ ఎలా స్టార్ట్ చేస్తారని ఇంకొందరు అడుగుతారు, అది మంచి ప్రశ్నే. స్పేర్ క్లిప్పు ఒకటి తెప్పలో కట్టి ఉంచుకోవాలి. బాగా పాత ఇంజన్లు కొన్నింటికి తాడే ఉండదు, ఆపే బటన్ ఒక్కటే, వాటి సంగతి వేరే.

ఇక నిషేధం సంగతి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు ఇంజన్‌తో వేట ఉండదు. ఈ 61 రోజులూ ఇంజన్లు టార్పాలిన్ కింద పడుకుంటాయి. ఏప్రిల్లో నా దగ్గరికి ఎవరూ రారు, మే నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాను, జూన్ 13 సాయంత్రం మాత్రం షెడ్డు ముందు ముప్పై మంది ఉంటారు, అందరికీ తెల్లారేసరికి కావాలి. ఆ రాత్రి చేసే రిపేర్లు నాకే నచ్చవు. టెన్షన్‌లో ఏ బోల్టు బిగించానో ఏది మర్చిపోయానో తెలియదు.

రెండు నెలలు పడుకున్న ఇంజన్‌లో ముందు అనుమానించాల్సింది పెట్రోలుని. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కి తడి అంటే మహా ప్రీతి, మన ఒడ్డు గాలిలో తడికి లోటు లేదు. సగం ఖాళీగా వదిలేసిన క్యానులో నీరు చేరి చేరి ఒక స్థాయి దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పైన పెట్రోలు తేలుతుంది. ఇంజన్ గొట్టం పీల్చేది అడుగు నుంచే. టూ స్ట్రోక్ అయితే మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది, కింద ఉన్న నీళ్ల సరుకులో జిడ్డు ఉండదు, కాబట్టి ఇంజన్ ఆగిపోవడమే కాదు, పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది. క్యాను అడుగు నుంచి కొంచెం తీసి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి. కనిపిస్తే ఆ పెట్రోలు వాడొద్దు, అంతే, బేరాల్లేవు. కార్బురేటర్లో మిగిలిపోయింది కూడా ఎండి జిగురులాగా అంటుకుంటుంది, అందుకే ఏప్రిల్లో ఆఖరి వేట నుంచి వచ్చాక, ఇంజన్ నీళ్ల డ్రమ్ములో ఉండగానే, పెట్రోలు గొట్టం పీకేసి దానంతట అది ఆగేదాకా నడిపించమని చెప్తాను. పదిమందికి చెప్తే ఇద్దరు చేస్తారు.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. చాలా పెట్రోలు టూ స్ట్రోక్ ఇంజన్లకి 50 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, కొత్త ఇంజన్‌కి మొదటి కొన్ని గంటలు అంతకు రెట్టింపు. మీ ఇంజన్ పుస్తకంలో వేరేగా ఉంటే దాని ప్రకారమే. కొలత గ్లాసు పదో పాతికో ఉంటుంది, అయినా సరే కంటి అంచనాతో పోసేవాళ్లే ఎక్కువ. ఎక్కువ పోస్తే ప్లగ్గు మసి పట్టి నడిసముద్రంలో మొరాయిస్తుంది, తక్కువ పోస్తే పిస్టన్ పోతుంది. పైగా స్కూటర్‌కి పోసే టూటీ ఆయిలే దీనికీ పోస్తారు. అది గాలికి చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. నీళ్లతో చల్లబడే పడవ ఇంజన్లకి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది కావాలి.

నీళ్లతో చల్లబడడం అన్నాను కదా, అసలు ప్రాణం అక్కడుంది. ఇంజన్ కింది భాగంలో రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతూ సముద్రం నీటిని పైకి తోడుతుంది, ఆ నీరు ఇంజన్‌ని చల్లబరుస్తుంది, అందులో కొంత వెనక చిన్న రంధ్రం నుంచి సన్నటి ధారగా బయటికి వస్తుంది. ఆ ధారకి మా షెడ్డులో ఉన్న పేరు మీరు అచ్చు వేయలేరు. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలోనే ధార కనిపించాలి, కనిపించకపోతే వెంటనే ఆపాలి. ఈ ఏడాది జూన్‌లో ఒకాయన "తమ్ముడూ, పంపు పోయింది, కొత్తది వెయ్యి" అని ఇంజన్ మోసుకొచ్చాడు. టార్చి వేసి చూస్తే రంధ్రంలో ఎర్రమట్టి. కుమ్మరి పురుగు గూడు కట్టేసింది, రెండు నెలలు తీరిగ్గా. సన్నటి ఇనుప తీగ పెట్టి పొడిస్తే గోరంత మట్టి ఉండ రాలింది, డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే ధార బారెడు దూరం పోయింది. ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు. నిజంగా పంపే పోయి, చూసుకోకుండా వెళ్లి ఉంటే దారిలోనే ఇంజన్ వేడెక్కి ఆగిపోయేది, ఆ టైముకి నైరుతి గాలి ఎటు తోస్తే తెప్ప అటు.

ఒకటి మాత్రం ఎవరూ చేయొద్దు. "ఒక్కసారి స్టార్ట్ అవుద్దో లేదో చూద్దాం" అని ఒడ్డు మీద నీళ్లు లేకుండా స్టార్టర్ తాడు లాగొద్దు. ఆ రబ్బరు రెక్కలకి నీళ్లే జిడ్డు, పొడిగా తిరిగితే కొద్ది సెకన్లలోనే కాలిపోతాయి. డ్రమ్ములో నీళ్లు పోసి, నీళ్లు పీల్చే జల్లెడ బాగా మునిగాకే స్టార్ట్ చేయాలి. వేట నుంచి వచ్చాక కూడా అదే డ్రమ్ములో మంచినీళ్లతో ఐదు నిమిషాలు నడిపితే లోపల ఉప్పు పేరుకోదు. జాలరిపేటలో మంచినీళ్లకే బిందెలు పట్టుకుని నిలబడతాం, ఇంజన్‌కి డ్రమ్ము నీళ్లెక్కడివని ఆడవాళ్లు తిడతారు, వాళ్ల మాటా న్యాయమే. ఒడ్డు మీద ఇంజన్లు కడగడానికి ఒక కుళాయి వేస్తే సగం రిపేర్లు తగ్గుతాయి. నా వ్యాపారం దెబ్బ తింటుంది, అయినా అడుగుతున్నాను.

పెట్రోలు పోయడం దగ్గర మావాళ్ల ధైర్యం చూస్తే నాకు చెమటలు పడతాయి. ఇంజన్ వేడిగా ఉండగానే, తెప్పలోనే, ఒకడు పోస్తుంటే ఇంకొకడు బీడీ పట్టుకుని చూస్తుంటాడు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, తెప్ప అడుగున నీళ్లలాగా పడుకుంటుంది, వాసన తగ్గినా అక్కడే ఉండొచ్చు. క్యానుని కిందికి దింపి ఇసక మీద పెట్టి నింపుకోవాలి. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో నలభై దాకా బోట్లు కాలిపోయాయి. అవి పెద్ద బోట్లు, ఆ కథ వేరు, కానీ ఆ రాత్రి ఆ మంటని ఒడ్డు నుంచి చూసినవాణ్ణి, ఇప్పటికీ పడవలో అగ్గిపుల్ల గీస్తే నా చెయ్యి దానంతట అదే ముందుకి పోతుంది లాక్కోవడానికి.

కెరటాలు దాటడం గురించి మెకానిక్‌ని నేనేం చెప్తాను, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఇంజన్ వరకే చెప్తాను. వెనక పలకకి బిగించే మరలు ఒడ్డు మీద ఒకసారి, కెరటాలు దాటాక ఇంకోసారి బిగించి చూసుకోవాలి, అదురుకి వదులవుతాయి, ఇంజన్‌కి వేరే తాడు కట్టి ఉంటే ఊడినా సముద్రంలోకి పోదు. స్టార్ట్ చేసేముందు గేరు న్యూట్రల్‌లో ఉండాలి. గేరులో ఉంటే స్టార్ట్ కాకుండా కొత్త ఇంజన్లలో ఒక అడ్డు ఉంటుంది, అది అరిగితే కొత్తది వేయించుకోవడం మానేసి "అది పీకెయ్ అన్నా, గోలొదిలిపోద్ది" అంటారు. నేను పీకను. వాళ్లు బయటికెళ్లి వాళ్లే పీకేస్తారు.

మనిషి నీళ్లలో పడితే ఏం చేయాలో మాత్రం ప్రతి కుర్రాడికీ నేర్పాలి, ఎందుకంటే ఆ క్షణంలో మనసు చెప్పేది తప్పు. కుడివైపు పడితే భయంతో పడవ ముక్కుని ఎడమకి తిప్పేస్తాం, అప్పుడు వెనక భాగం, అంటే ఫ్యాను, సరిగ్గా పడ్డవాడి మీదకే ఊగుతుంది. ముక్కు పడ్డవాడి వైపే తిరగాలి. హ్యాండిల్‌ని పడ్డవాడికి అవతలి వైపుకి తోస్తే ముక్కు అతని వైపుకి వస్తుంది, ఫ్యాను దూరం జరుగుతుంది. తిరిగి దగ్గరికి వచ్చాక ఇంజన్ ఆపేసి అప్పుడు చెయ్యి ఇవ్వాలి. న్యూట్రల్‌లో ఉంది కదా అని ఇంజన్ నడుస్తుండగా లాగొద్దు.

ఇదంతా ఇంజన్‌తో వచ్చే పుస్తకంలో ఉంది. కానీ మా దగ్గరికి వచ్చేది ఇంగ్లీషు పుస్తకం, మహా అయితే ఇంకో నాలుగు భాషల్లో, తెలుగులో నేనింతవరకు ఒక్కటీ చూడలేదు. రాయితీ మీద వచ్చినా, అప్పు చేసి కొన్నా, ఇంజన్ పెట్టెలోంచి తీసి చేతికిస్తారు గానీ దాన్ని ఎలా బతికించుకోవాలో, అది మనల్ని ఎలా చంపగలదో చెప్పేవాళ్లు లేరు. మన విశాఖలోనే సిఫ్‌నెట్ యూనిట్ ఉంది, పెద్ద బోట్లు నడిపే సరంగులకి, ఇంజన్ డ్రైవర్లకి చదువు చెప్పే కేంద్ర సంస్థ అది. నిషేధం 61 రోజుల్లో ఒక్కో పేటకి ఒక్క పూట, తెలుగులో, ఒడ్డు మీదే, నిజం ఇంజన్ డ్రమ్ములో పెట్టి చూపిస్తే చాలు. వాళ్లూ మత్స్యశాఖవాళ్లూ కలిసి వస్తే డ్రమ్ము నాది, షెడ్డు నాది, మే నెలంతా ఖాళీయే అని ముందే చెప్పాను. ఇంగ్లీషు పుస్తకంలో అవసరమైన నాలుగు పేజీలు ఎవరైనా తెలుగు చేసిస్తే జిరాక్సులు నేను తీయిస్తాను. కోస్ట్ గార్డ్ నంబరు 1554 పెద్ద అక్షరాలతో తెప్ప లోపలి పక్క పెయింటుతో రాయించే పని ఇప్పటికే మొదలుపెట్టాను, ఆ నంబరు తెలియనివాళ్లు ఇంతమంది ఉంటారని రాయడం మొదలుపెట్టాకే తెలిసింది.

మీకు ఒక్కటే మనవి. వచ్చే జూన్‌లో మీ ఫోటోగ్రాఫర్ వేట మొదలైన ఫోటోకి వస్తే, ఎర్ర తాడు చేతికి ఉన్నవాడి ఫోటో వేయండి. ఎవరూ దొరక్కపోతే మా షెడ్డుకి రమ్మనండి, మా బావ ఇప్పుడు తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని గానీ ఇంజన్ ముట్టడు. కాకపోతే తెల్లవారుజామున నాలుగింటికే రావాలి, అయిదు దాటితే ఆయన దొరకడు.

ఇట్లు
ఒక ఇంజన్ మెకానిక్,
పెద్ద జాలరిపేట, విశాఖపట్నం