‘ఉన్ని దుస్తులు తెచ్చుకోండి’ అంటే సరిపోదు

సంపాదక మహాశయా,

డిసెంబరు, జనవరి నెలల యూరప్ టూర్ల ప్రకటనలు మళ్లీ కనిపిస్తున్నాయి. డబ్బు కట్టినవారికి ఏజెంట్లు ఇచ్చే కాగితంలో బట్టల గురించి చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది: ఉన్ని దుస్తులు తెచ్చుకోండి. ఆ మాట పట్టుకుని మనవాళ్లు రెండు లావుపాటి స్వెటర్లు, ఒక తోలు జాకెట్టు, మంకీ క్యాపు కొని పెట్టె నింపేస్తారు. ప్రాగ్‌లోనో వియన్నాలోనో దిగిన రోజే వణుకు పట్టుకుంటుంది. ఎంతో ఖర్చుపెట్టి వెళ్లిన పెద్దవాళ్లు బస్సు దిగకుండా కూర్చుండిపోతారు. కొంచెం వివరంగా చెబితే తప్పిపోయే బాధ ఇది.

లంబసింగి మంచు చూసి వచ్చినవారు ఆ చలి మనకు తెలిసిందే అనుకుంటారు. లంబసింగిలో పొద్దెక్కితే స్వెటరు తీసేస్తాం. బెర్లిన్‌లో డిసెంబరు మూడో వారంలో ఉదయం 8 దాటాక తెల్లవారి, సాయంత్రం 4కే చీకటి పడుతుంది. మధ్యలో ఎండ కనిపించినా అందులో వేడి ఉండదు. పైగా గాలి. సున్నా డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 6 లాగా తగులుతుంది. చేత్తో అల్లిన స్వెటరు ఎంత లావుగా ఉన్నా ఆ గాలి అల్లిక సందుల్లోంచి దూరిపోతుంది. ఇక మ్యూజియంలో, దుకాణంలో, హోటల్లో అడుగుపెడితే 20 డిగ్రీల పైన వెచ్చగా ఉంటుంది. లావు స్వెటరుతో లోపలికి వెళితే చెమట, ఆ చెమటతో బయటికి వస్తే వణుకు. రోజుకు పదిసార్లు ఇదే. అందుకే ఎప్పటికప్పుడు తీసి వేసుకోగలిగే మూడు పొరలు కావాలి.

ఒంటిని అంటుకునే మొదటి పొర దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బజార్లో థర్మల్స్ పేరుతో అమ్మేవాటిలో కాటన్ కలిసినవి చాలా ఉంటాయి. కాటన్ చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. తడి బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. కొనేముందు మెడ వెనకో, పక్క కుట్టు దగ్గరో ఉండే లేబుల్ తిప్పి చదవండి. మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్ని అయితే అన్నిటికన్నా మేలు. ఆ ధర భారమైతే పాలిస్టర్‌ది తీసుకోండి. అది ఒంటికి అతుక్కుని ఉండాలి, ‘కాస్త వదులుగా ఉంటే హాయి’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. మగవాళ్లు అలవాటు కొద్దీ లోపల కాటన్ బనియన్ వేసుకుని దానిమీద థర్మల్ తొడుగుతారు. దాంతో థర్మల్‌కు పెట్టిన డబ్బు దండగ.

రెండో పొరగా ముందు పూర్తిగా జిప్పు ఉన్న ఫ్లీస్ (నూగు ఉండే మెత్తని పాలిస్టర్ కోటు) చాలు. బరువు 300 నుంచి 400 గ్రాములు ఉంటుంది. మూడోది గాలినీ వాననూ ఆపే జాకెట్టు: టోపీ కుట్టి ఉండాలి, పొడవు తుంటి దాటాలి. ఈకలు నింపిన డౌన్ జాకెట్టు తేలిక, వెచ్చన. కానీ తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో శీతాకాలమంటే మంచు కన్నా వానే ఎక్కువ కాబట్టి అటు వెళ్లేవారికి సింథటిక్ దూది నింపినది నయం.

బూట్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. రెండు జతల కాటన్ సాక్సులు ఒకదానిమీద ఒకటి తొడిగి బిగుతు బూట్లలోకి పాదం తోస్తే రక్తప్రసరణ తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఉన్ని సాక్సు ఒక జత వెంట తీసుకుని సాయంత్రం పూట దుకాణానికి వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. సాక్సు తొడిగి, లేసులు వదులు చేసి, పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. అడుగు మెత్తని రబ్బరుతో, లోతైన గాళ్లతో ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అడుగు చలికి బిగుసుకుని గడ్డకట్టిన మంచు మీద జారుతుంది. కనీసం రెండు వారాలు ఇక్కడే వేసుకుని నడవండి.

ఇదివరకటి టూరుకు కొని అటక మీద పెట్టిన బూట్లు ఉన్నాయి కదా అనుకునేవారికి ఒక హెచ్చరిక. చాలా బూట్ల అడుగున పాలీయురేథేన్ అనే మెత్తని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉక్కకు అది కొన్నేళ్లలో లోలోపలే చివికిపోతుంది. పైకి కొత్తవాటిలాగే ఉంటాయి, వీధిలో నాలుగడుగులు వేయగానే పెచ్చులుగా ఊడతాయి. బయల్దేరే ముందు వాటితో రెండు మూడు కిలోమీటర్లు నడిచి చూడాల్సిందే.

చీర కట్టే అమ్మలకు వద్దని చెప్పనక్కర్లేదు. కానీ రోడ్ల మీద కరిగిన మంచు, దానిమీద చల్లిన ఉప్పు కలిసి కుచ్చిళ్ల అంచులకు పట్టి, తడి మోకాళ్లదాకా పాకుతుంది. బయట తిరిగేటప్పుడు థర్మల్ మీద ఉన్ని లెగ్గింగు, కుర్తా వేసుకుని, చీరను రాత్రి భోజనాలకు ఉంచుకోవచ్చు. కట్టక తప్పదంటే చీలమండల పైకి కట్టి, లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకు బూట్లు వేసుకోవాలి. సాక్సుల మీద చెప్పులు అసలు పనికిరావు.

పది రోజులకు ఒక మనిషికి ఇవి చాలు: థర్మల్ జతలు రెండు, ఫ్లీస్ ఒకటి, పలుచని స్వెటరు ఒకటి, జాకెట్టు ఒకటి, జీన్స్ కాని ప్యాంట్లు రెండు, ఉన్ని సాక్సులు నాలుగు జతలు, చెవులు మూసే టోపీ, మెడకు తొడిగే గొట్టంలాంటి బట్టలు రెండు (ఊపిరి తేమకు ఒకటి తడుస్తుంది), గ్లోవ్స్. పిల్లలకు నాలుగు వేళ్లూ కలిసి ఉండే గ్లోవ్స్ కొనండి, వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. రాత్రి హోటల్లో థర్మల్ ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండి ఆరేస్తే పాలిస్టర్ తెల్లారేసరికి ఆరుతుంది. జీన్స్ మర్నాటికీ ఆరదు. ట్రంకుపెట్టెలోంచి తీసిన శాలువాలను రెండు రోజులు గాలికి ఆరేయండి. వేడి పెట్టిన బస్సులో కలరా ఉండల వాసన తోటివాళ్లకు తలనొప్పి.

గాలి తీసే ప్లాస్టిక్ సంచులు చోటు మిగులుస్తాయి కానీ బరువు తగ్గించవు. పెట్టెకు 23 కిలోల పరిమితి ఉంటే అది అలాగే ఉంటుంది. పైగా పంపుతో పనిచేసే సంచి తిరుగు ప్రయాణంలో మొండికేస్తుంది. చేత్తో చుట్టేవి కొనండి. బూట్లు వేసుకుని, జాకెట్టు చేతిమీద వేసుకుని విమానం ఎక్కితే రెండు కిలోల దాకా కలిసివస్తుంది. థర్మల్స్ ఇంటి దగ్గరే తొడుక్కుంటే దారంతా చెమటే. ఒక జత చేతిసంచిలో ఉంచి దిగబోయే ముందు వేసుకోండి. పెట్టె దారి తప్పినా మొదటి రోజు గడుస్తుంది.

స్విట్జర్లాండ్ కొండల్లో 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు తీసుకెళ్లే టూరైతే పైన మైనస్ 10, 15 మామూలే. అక్కడికి నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కూడా కావాలి, మంచు మీద పడిన ఎండ కళ్లలోకి కొడుతుంది. మంచులో ఆడుకునే ఆ ఒక్క పూట కోసం ప్యాంట్లూ బూట్లూ కొననక్కర్లేదు, స్కీయింగ్ ఊళ్లలో అద్దెకిస్తారు.

ఏజెంట్లు ఈ వివరాలను వెళ్లే ఊళ్లను బట్టి, తెలుగులో, ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు చేతికివ్వాలి. వీసా వచ్చాక చివరి వారంలో ఇస్తే బూట్లు కాలికి అలవాటయ్యే వ్యవధి ఉండదు. మీ ప్రయాణాల పేజీలో కూడా అక్టోబరులోనే ఇలాంటి జాబితా వేయమని మనవి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం