లివర్ రోగిని రాత్రి పస్తు ఉంచకండి

సంపాదకులకు,

లివర్ పాడైందని తెలియగానే మన ఇళ్లలో ముందు మారేది కంచం. పప్పు అరగదు, గుడ్డు వేడి, నూనె పడదు అంటూ ఒక్కొక్కటీ తీసేసి, చివరికి చప్పిడి మెతుకులు, పల్చటి మజ్జిగ మిగులుస్తారు. పచ్చకామెర్లకు పెట్టే పథ్యమే లివర్ గట్టిపడిపోయే సిరోసిస్‌కీ పెట్టేస్తున్నారు (కామెర్లకైనా అది అక్కర్లేదనుకోండి). కొన్ని వారాల్లో తగ్గే జబ్బులో మనిషి ఎలాగో గట్టెక్కుతాడు. ఏళ్ల తరబడి ఉండే సిరోసిస్‌లో మాత్రం ఆ పథ్యం కండను తినేస్తుంది.

బాగున్న లివర్ రాత్రి తిన్న అన్నంలోని చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకుని తెల్లవార్లూ కొద్దికొద్దిగా వదులుతుంది. గట్టిపడిన లివర్‌లో ఆ గాదె దాదాపు ఖాళీ. రాత్రి 8కి తిన్న రోగి మళ్లీ ఉదయం 8కి టిఫిన్ ముట్టేలోపు, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే ఎలా ఉంటుందో అతని ఒళ్లు అలా అయిపోతుంది. చక్కెర కోసం కండను కరిగించుకుంటుంది. ఇది ప్రతి రాత్రీ జరిగేదే.

తూకం ఈ సంగతి చెప్పదు. కండ పోయినచోట పొట్టలో, కాళ్లలో నీరు చేరి 60 కిలోలు 60గానే ఉంటాయి. కణతల దగ్గర గుంటలు, సన్నబడిన జబ్బలు చూడాలి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కన ఒకరు పట్టుకోవడానికి ఉండాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే డాక్టరుకు చెప్పాల్సిందే. ఆసుపత్రిలో పిడికిలి బలం కొలిస్తే మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల లోపు తక్కువ కింద లెక్క. నేల మీద కూర్చుని లేవలేకపోవడం, బస్సు మెట్టు దగ్గర ఆగిపోవడం, తల దువ్వుకుంటుంటే చెయ్యి లాగేయడం నీరసం కాదు, కండ పోయిన గుర్తులు.

ఇంకో చిక్కుంది. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ పుట్టేది కండలోంచే. కండ తరిగితే రిపోర్టులో అదీ తగ్గి, కిడ్నీలు భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. లివర్ మార్పిడికి తీవ్రత లెక్కగట్టే మెల్డ్ స్కోరులో క్రియాటినిన్ ఉంది, కండ లేదు. అంటే బాగా చిక్కిపోయిన మనిషికే స్కోరు తక్కువ రావచ్చు.

ప్రొటీన్ తింటే మతి తప్పుతుందన్న భయం పాతది. లివర్ చేయలేని పనిని కొంత కండ చేస్తుంది, మెదడును మబ్బు పట్టించే అమ్మోనియాను పీల్చుకుంటుంది. కండ తగ్గితే మతిమరుపు, మగత పెరుగుతాయే గాని తగ్గవు. నీరు తీసేసిన బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని 2019 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, కప్పు పెరుగు, 60 గ్రాముల కందిపప్పు, గుప్పెడు పల్లీలు, 25 గ్రాముల మీల్‌మేకర్, మిగతాది బియ్యం, జొన్నల నుంచి వస్తే సరిపోతుంది. ఖరీదైన డబ్బా పొడులు ఆ తర్వాతి మాట. మగత వచ్చే రోగికి మాంసం కంటే పాలు, పప్పుల ప్రొటీన్ బాగా పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం పడుకునే ముందు తినడం. 40 గ్రాముల రాగిపిండి జావ, గ్లాసు పాలు, చిన్న అరటిపండు కలిస్తే 50 గ్రాములకు పైగా పిండిపదార్థం అందుతుంది. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారు, స్పైరనోలాక్టోన్ (ఒంట్లో నీరు తీసే, పొటాషియం పెంచే మాత్ర) వాడేవారు డాక్టరునడిగి అరటిపండు మార్చుకోవాలి. న్యూజిలాండ్‌లో ఏడాదిపాటు సాగిన పరిశీలనలో అదనపు ఆహారం పగలు తీసుకున్నవారికి కాక రాత్రి తీసుకున్నవారికే ఒంట్లో ప్రొటీన్ పెరిగింది. పగలు కూడా మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టాలి. పొట్టలో నీరున్నవారికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం మానాలి. అయితే చప్పగా ఉందని సగం కంచం వదిలేస్తే ఫలితం లేదు, నిమ్మరసం, కొత్తిమీర, మిరియాలతో రుచి తేవాలి. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, స్పైరనోలాక్టోన్ వాడేవారు దాని జోలికి పోకూడదు. నడకతోపాటు వారానికి రెండు మూడుసార్లు లీటరు నీళ్ల సీసాతో చేతుల వ్యాయామం చేయొచ్చు. అన్నవాహికలో ఉబ్బిన నరాలున్నాయేమో ముందు ఎండోస్కోపీలో చూపించుకోవాలి, ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు.

ఆసుపత్రులకు మాది చిన్న విన్నపం. ఎండోస్కోపీకి రాత్రి నుంచి పస్తున్న సిరోసిస్ రోగిని మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టకుండా పొద్దున్నే మొదటి వరసలో పిలవండి. డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కింద ‘రాత్రి 10కి జావ, పాలు’ అని మందు రాసినట్టే రాయండి. నోటితో చెబితే ఇంటికెళ్లాక పథ్యమే గెలుస్తోంది.

— కాలేయ వ్యాధుల విభాగపు డైటీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, హైదరాబాద్