వార్షిక నివేదిక: విద్యార్థి విభాగం మొదలైన ఏడాది

మన గ్రంథాలయ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా జరిగే కార్యక్రమాలు ఈసారీ బాగానే జరిగాయి. ఆగస్టు 12న మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహులు రంగనాథన్ గారి జయంతిని, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలను ఎప్పటిలాగే జరుపుకున్నాం. ఆడిట్ అయిన లెక్కలను కోశాధికారి గారు విడిగా జతచేశారు, దయచేసి చూడండి. వీటి గురించి ఇంతకంటే రాయను. ఈ ఏడాది మన సంఘం కొత్తగా తలపెట్టిన పని లైబ్రరీ సైన్స్ చదివే పిల్లల కోసం విద్యార్థి విభాగం. నివేదికలో మిగిలిన చోటంతా దానికే ఇస్తున్నాను.

మన సభ్యత్వ రిజిస్టరు తిరగేస్తే దీని అవసరం తెలుస్తుంది. అందులో రిటైరైనవారి పేర్లే ఎక్కువ. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చందా కట్టడానికి వెనకాడతారు, ఎందుకంటే సంఘం అంటే ఏమిటో చదువుకునే రోజుల్లో వాళ్లకెవరూ చూపించలేదు. నిజానికి మన ప్రాంతంలో ఈ వృత్తి చదువు పుట్టిందే సంఘం ఒడిలో. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారు, ఆయన తోటివారు ఊరూరా పఠన మందిరాలు పెట్టించి ఊరుకోలేదు. వాటిని నడిపేవాళ్లకు తర్ఫీదు కావాలని 1920లోనే బెజవాడలో శిక్షణ తరగతులు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ డిప్లొమా వచ్చింది 1935లో. అదే ఏడాది మన పక్కనే పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. విశ్వవిద్యాలయంలో చదువు, కాలువ గట్టున సేవ ఒకే కాలంలో నడిచాయి. ఆ రెంటినీ మళ్లీ ఒక చోటికి తేవాలన్నదే ఈ విభాగం ఉద్దేశం.

మొదలుపెట్టే ముందు ఇతర చోట్ల ఎలా చేస్తున్నారో చూశాం. 1876లో పుట్టిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌కు అక్కడి లైబ్రరీ స్కూళ్లలో విద్యార్థి శాఖలున్నాయి. ఒక అధ్యాపకుడు సలహాదారుగా ఉంటారు, పనంతా విద్యార్థులే నడుపుతారు. ఆ పద్ధతి మనకూ నచ్చింది. అయితే ఇక్కడి చిక్కు వేరు. లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ అయిన బి.ఎల్.ఐ.ఎస్సి. ఒక్క ఏడాది కోర్సు, దానిపై పీజీ అయిన ఎం.ఎల్.ఐ.ఎస్సి. మరో ఏడాది. జూలైలోనో ఆగస్టులోనో చేరినవాళ్లు ఒకరికొకరు పరిచయమయ్యేసరికి దసరా వస్తుంది. సంక్రాంతి దాటితే పరీక్షల టెన్షన్. కార్యవర్గం కుదురుకునేలోపే బ్యాచ్ వెళ్లిపోతుంది. ఉత్సాహంగా మొదలైన విద్యార్థి సంఘాలు రెండో ఏడాదికి కనబడకుండా పోయేది ఇందుకే.

అందుకని మూడు ఏర్పాట్లు చేశాం. విభాగం కాలపరిమితి జూన్ నుంచి కాకుండా జనవరి నుంచి డిసెంబరు వరకు. దీనివల్ల పాత కార్యవర్గం ఇంకా క్యాంపస్‌లో ఉండగానే కొత్తవాళ్లు బాధ్యత తీసుకుంటారు. కన్వీనర్ ఎం.ఎల్.ఐ.ఎస్సి. నుంచి, సహ కన్వీనర్ బి.ఎల్.ఐ.ఎస్సి. నుంచి ఉండాలి. పై చదువుకు ఉండిపోయే పిల్లల్లో ఒకరైనా పగ్గాలు అందుకుంటారని ఆశ. అన్నిటికంటే నాకు నచ్చింది అప్పగింత పుస్తకం. ఎవరిని ఎక్కడ కలవాలి, హాలు అనుమతికి లెటర్ ఎవరి పేరున రాయాలి, ప్రింటింగ్ ఎక్కడ చవక అన్నీ అందులో రాసి, దిగిపోయే కన్వీనర్ సంతకం పెట్టి ఇవ్వాలి. మొదటి కన్వీనర్ అమ్మాయి పేజీల నంబర్లు వేసి, ముందు విషయసూచిక కూడా పెట్టింది. కేటలాగు చదివిన పిల్ల అనిపించుకుంది!

విద్యార్థి సభ్యత్వానికి వీలుగా సర్వసభ్య సమావేశంలో నిబంధనావళిని సవరించాం. చందా ఏడాదికి 100 రూపాయలు. విభాగానికి వేరే బ్యాంకు ఖాతా లేదు, మన ఖాతాలోనే విడి పద్దు. ఖర్చుకు కన్వీనర్ వోచరు రాస్తే సలహాదారు సంతకంతో కోశాధికారి గారు చెల్లిస్తారు. చదువు పూర్తయినవారికి మొదటి రెండేళ్లు పూర్తి సభ్యత్వం సగం చందాకే ఇస్తున్నాం. ఉద్యోగం వెతుక్కునే సమయంలో చేయి వదిలేస్తే తర్వాత తిరిగి రారు.

అనుమతుల విషయంలో ఒక కళాశాల వారు ససేమిరా అన్నారు. విద్యార్థులు, సంఘం అన్న మాటలు ఒకే కాగితం మీద కనిపించేసరికి రాజకీయాలొస్తాయని భయపడ్డారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే కానీ, పుస్తకాలకు నంబర్లు వేయడానికి వచ్చే పిల్లలను గేటు దగ్గర ఆపడం నాకు బాధ కలిగించింది. ఎన్నికల ప్యానెళ్లు, ఫ్లెక్సీలు ఉండవని రాతపూర్వకంగా ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. ఆ కళాశాల పిల్లలు ప్రస్తుతానికి వ్యక్తిగతంగా చేరారు.

ఇక విభాగం చేసిన పని. ఒక పల్లెలో దాతలు నడిపే చిన్న గ్రంథాలయం ఉంది. ఇనుప బీరువాలు, వచ్చిన పుస్తకాలను వరుసగా నమోదు చేసే చేతిరాత యాక్సెషన్ రిజిస్టరు, చెదలు తిన్న అంచులు, అట్టలూడిన నవలలు. ఆ పుస్తకాలన్నిటినీ గ్రంథాలయాల కేటలాగు నడిపే కోహా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే బాధ్యత విద్యార్థులు తీసుకున్నారు. కోహా ఉచితం కాబట్టి గ్రంథాలయం మీద భారం పడదు. క్లాసులో ఐఎస్‌బిఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) కొడితే వివరాలన్నీ వచ్చేస్తాయని నేర్చుకున్నారు కదా, ఇక్కడ అది పనిచేయలేదు. ఆ నంబరు వాడుకలోకి వచ్చిందే 1970 ప్రాంతంలో. బీరువాల్లో ఉన్నవి చాలావరకు అంతకు ముందువి. ప్రతి పుస్తకాన్నీ చేత్తో తెరిచి, ముఖపత్రం చదివి రాసుకోవలసిందే.

అక్కడే అసలు పాఠం ఎదురైంది. పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి వస్తుంది. నవలలు, కథలు అయితే 894.8273. బీరువా తర్వాత బీరువా ఒకే నంబరుతో నిండిపోయాక, పుస్తకం ఎక్కడుందో చెప్పేది రచయిత పేరు ఒక్కటే. ఆ పేరు ఎలా రాయాలి? మన ఇంటిపేరు ముందే ఉంటుంది. ఇంగ్లిషు పేర్లకు అలవాటుపడిన చేయి చివరి మాటను ముందుకు లాగేస్తుంది. ఒక విద్యార్థి విశ్వనాథ సత్యనారాయణ గారిని "సత్యనారాయణ, విశ్వనాథ" అని ఎక్కించాడు, పక్క ల్యాప్‌టాప్‌లో మరొకరు "విశ్వనాథ సత్యనారాయణ" అని ఎక్కించారు. వెతికితే ఆయన పుస్తకాలు రెండు ముక్కలయ్యాయి. శ్రీశ్రీ దగ్గర గొడవ ఇంకా పెరిగింది. శ్రీశ్రీ అని కొందరు, శ్రీరంగం శ్రీనివాసరావు అని కొందరు. ఇనీషియల్స్‌తో ఉన్న అట్టలు సరేసరి.

మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమైనా వాదన ఆగలేదు. చివరికి పిల్లలే ఒక నియమం రాసుకున్నారు: ఇంటిపేరు ముందు, కామా లేకుండా, పుస్తకాల మీద ఎక్కువగా కనిపించే రూపం ప్రధాన శీర్షిక, మిగతా రూపాలన్నీ అథారిటీ రికార్డులో (ఒకే రచయిత పేరు రూపాలన్నిటినీ కలిపి ఉంచే చోట) ప్రధాన శీర్షికకు దారి చూపే "చూడుడు"గా. ఇప్పుడు ఆ గ్రంథాలయంలో శ్రీరంగం అని కొట్టినా శ్రీశ్రీ దొరుకుతాడు. ఈ పేర్ల పట్టికను వాళ్లు పెంచుతూ వస్తున్నారు. మన సభ్యుల లైబ్రరీలన్నిటికీ పనికొచ్చే వస్తువు ఇది. సిలబస్‌లో తెలుగు పేర్ల శీర్షికల గురించి ఒక పూట పాఠం కూడా ఉండకపోవడం పెద్ద లోటని నా అభిప్రాయం. ఆ లోటును కొంతైనా తీర్చింది విద్యార్థులే.

వేటపాలెం వెళ్లొచ్చిన సంగతి కూడా చెప్పాలి. 1918లో మొదలైన అక్కడి గ్రంథాలయం సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. పత్రికల బైండు సంపుటాన్ని ఎలా తెరవాలో, పెళుసెక్కిన కాగితం కింద అరచేయి ఎలా ఆనించాలో పిల్లలు అక్కడ నేర్చుకున్నారు. ల్యాబులో చెప్పే పరిరక్షణ పాఠం వేరు, ఇది వేరు.

నెలవారీ సమావేశాల్లో ఏ అంశం పెట్టినా ఒక ప్రశ్న తప్పదు: "సార్, ఇందులో చేరితే ఉద్యోగం వస్తుందా?" రాదని చెప్పాం. నోటిఫికేషన్లు అరుదుగా పడుతున్న సంగతి, ఖాళీల సంగతి అందరికీ తెలిసిందే, మభ్యపెట్టడం పాపం. కానీ ఇంటర్వ్యూలో "కోహాలో ఏం చేశావు?" అని అడిగితే చెప్పడానికి ఒక ఊరి గ్రంథాలయం ఉంటుంది. అనుభవజ్ఞులైన మన సభ్యులు నలుగురు పోటీ పరీక్షలకు ఆదివారం తరగతులు తీసుకుంటున్నారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి రెండు పనులున్నాయి. ఒకటి, వేసవిలో విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకోగల లైబ్రరీలు కావాలి. ప్రయాణ ఖర్చులు సంఘం భరిస్తుంది. పని మాత్రం దుమ్ము దులపడం కాకుండా వృత్తి పనే ఇవ్వాలని మనవి. పేర్లు మార్చి నెలాఖరులోగా అందజేయండి.

రెండోది తీర్మానం. విద్యార్థి విభాగం కన్వీనర్‌కు మన కార్యవర్గంలో ఓటు హక్కుతో ఒక స్థానం ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. ఆహ్వానితులుగా కూర్చోబెడితే చాలని కొందరు పెద్దలు అన్నారు. వారిమీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. విద్యార్థుల డబ్బు, విద్యార్థుల పని గురించి నిర్ణయించే చోట వారికి మాట ఉండాలి. తీర్మానం ప్రతి ఈ నివేదికతో పాటు పంపాం. సర్వసభ్య సమావేశంలో చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి