చివరి ఒక్క వాక్యం మార్చినందుకు మొత్తం ప్రొడక్షన్ ఛార్జీ వేయడంపై ఫిర్యాదు

అనంతపురం,
7-4-2025

ప్రకటనల ఏజెన్సీ మేనేజర్ గారికి,

అయ్యా,

పాతూరులో మాది చెనిక్కాయ (వేరుశనగ) నూనె గానుగ. నేను, నా భార్య, ఒక పనిపిల్లోడు కలిసి నడుపుకుంటున్నాం. పోయిన నవంబరులో మీ దగ్గర రేడియోకు ముప్పై సెకండ్ల ప్రకటన, లోకల్ కేబుల్ టీవీకి అంతే నిడివి ఉన్న వీడియో చేయించుకున్నాం. ప్రొడక్షన్ కింద రేడియోకు 8,000, టీవీకి 25,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 38,940 రూపాయలు బేరమాడకుండా కట్టినాను. ప్రసారమైన సెకండ్ల లెక్క వేరే బిల్లు, దానిమీద నాకు పేచీ లేదు. నా బాధంతా ఆ తర్వాత వేసిన మూడు ప్రొడక్షన్ బిల్లుల గురించే.

మొదటిది 'కరెక్షన్ ఛార్జీ', జీఎస్టీతో 4,130. నేను రాసిచ్చిన కాగితంలో 'చెనిక్కాయ నూనె' అని ఉంది. మీ స్టూడియోలో గొంతు ఇచ్చినాయన 'పల్లీ నూనె' అని చదివినాడు. అర్థం ఒకటే అయినా అది మా వైపు జనం పలికే మాట కాదు. ఆ కాగితం ఫోటో మీకు పంపిన వాట్సాప్‌లో ఇప్పటికీ ఉంది. కళ్యాణదుర్గం వైపు నుంచి నూనెకు వచ్చే పెద్దమ్మ ఒకామె, "రేడియోలో చెప్పింది మీ కొట్టేనా నాయనా? ఎక్కడిదో నూనె తెచ్చి అమ్ముతున్నారనుకుంటి" అనింది. కదిరి-6 రకం చెనిక్కాయలు కళ్ళముందే ఆడించి ఇస్తామని ఇన్నేళ్ళు సంపాదించుకున్న నమ్మకం అది. తప్పు చదివింది మీవాళ్ళు. దిద్దిన ఖర్చు నామీద ఎట్లా వేస్తారు?

రెండోది సంక్రాంతిది. చివరి ఐదు సెకండ్లలో 'లీటరుకు పది రూపాయలు తగ్గింపు, 16వ తేదీ వరకే' అన్న మాట చేర్చమన్నాం. గానుగ తిరిగే షాటు అదే, వెనక సంగీతం అదే, మొదటి ఇరవై అయిదు సెకండ్ల గొంతూ అదే. వీడియోలో చివర అక్షరాలు మాత్రం మారినాయి. దీనికి మళ్ళీ 33,000, జీఎస్టీ 5,940! పైగా అప్పుడు రికార్డు చేసిన ఆ ఒక్క వాక్యాన్నే రేడియోకూ టీవీకీ రెండింటికీ వాడి, రెండు చోట్లా పూర్తి ఛార్జీ వేసినారు. సాయంత్రంలోపు డబ్బు పడకపోతే పండగ స్పాట్లు ఆపేస్తామని మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పండగ ముందర ఏం చేసేది, కట్టినాను.

ఉగాదికి తేదీ, ధర మార్చినారు. మళ్ళీ అదే 38,940. ఈసారి బిల్లు ప్రసారమైపోయినాక వచ్చింది. ఇది కట్టలేదు, కట్టను.

మాకు లీటరు మీద మిగిలేది ముప్పై రూపాయలు. 38,940 రావాలంటే దాదాపు 1,300 లీటర్లు అమ్మాలి, అంటే మూడు టన్నులకు పైగా గింజలు ఆడించాలి. నేను చిన్న వ్యాపారులకు ఉండే జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నాను కాబట్టి మీకు కట్టిన పన్నులో ఒక్క రూపాయి కూడా నాకు వెనక్కి రాదు. గంటసేపు స్టూడియో, ఎడిటర్ పని ఉంటే దాని కూలి ఎంతో చెప్పండి, సంతోషంగా ఇస్తాను. పనిచేసినవాళ్ళ కష్టం నాకు తెలుసు.

ఇంకొక మాట. ప్రకటన అసలు ఫైలు (మాస్టర్ ఫైలు) అడిగితే 'అది మా ఆస్తి, కావాలంటే 15,000' అన్నారు. డబ్బిచ్చి ఫిల్ము తీయించుకున్నవాళ్ళే, వేరే ఒప్పందం లేనప్పుడు, దానికి మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. వీడియో ప్రకటన దానికిందికే వస్తుంది. మనం సంతకాలు పెట్టుకున్నది ఒక్క పేజీ. హక్కులు మీవన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ ఫైలు చేతిలో ఉంటే పండగ పండగకూ మీ చుట్టూ తిరగకుండా చివరి వాక్యం ఇంకెవరి దగ్గరైనా మార్పించుకుంటాను కదా! ఇవ్వకపోవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది.

కాబట్టి ఉగాది బిల్లుకు క్రెడిట్ నోటు ఇచ్చి రద్దు చేయండి. కరెక్షన్ కింద తీసుకున్న 4,130 మొత్తం, సంక్రాంతికి తీసుకున్నదాంట్లో ఆ రెండు మార్పుల అసలు కూలి పోను మిగతాది వెనక్కివ్వండి. ఇకమీద ఒక వాక్యం మారిస్తే ఎంతో ముందే కాగితం మీద రాసివ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోతాను. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కదా, అక్కడ చెల్లదని మీవాళ్ళు చెప్పినారు. మాది బతుకుదెరువుకు సొంతంగా చేసుకునే పని, చెల్లుతుందో లేదో కమిషనే చెబుతుంది.

నాలుగు బిల్లుల నకళ్ళు, నేను రాసిచ్చిన కాగితం ఫోటో జతచేస్తున్నాను. ఆడియో, వీడియో ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
గానుగ నూనె కొట్టు యజమాని,
పాతూరు, అనంతపురం